గ్లాసెడు వాము నీళ్లు

ఎమ్మిగనూరు జాతరలో బండలాగుడు పోటీ. లాగాల్సింది ఇక ఒక్క ఎద్దుల జతే, అది కోడుమూరు గోవిందుది.

ఆ గోవిందేమో లారీ పక్కన కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు.

పొద్దున తిన్న పన్నెండు మిరపకాయ బజ్జీలు ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాయి. ఆశ లావు, పీక సన్నం అని పెద్దలు ఊరికే అన్నారా! కంపల చాటుకు నాలుగుసార్లు వెళ్లొచ్చాడు. నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. అతని ఎద్దులేమో అతని గొంతు తప్ప ఇంకెవరి మాటా వినవు.

పక్క లారీ దగ్గర ఒక ముసలామె మూడు రాళ్ల పొయ్యి మీద ఎద్దులకు ఉలవలు ఉడికిస్తోంది. ఎవరో పనిమనిషి అనుకున్నాడు గోవిందు.

“ఏమైందప్పా?”

“కడుపు మెలిపెడతాంది అవ్వా. అరగంటలో బరిలోకి దిగల్ల. ఆ ఆదోని జత మూడువేల నూరడుగులు లాగినాది. నేను దిగకపోతే మొదటి బహుమానం వాళ్లకే.”

ఆమె గరిటె ఒక్క క్షణం ఆగింది.

తర్వాత ఉలవల కుండ దించి నీళ్లు పెట్టింది. ఎద్దుల కోసం తెచ్చుకున్న వాము నలిపి వేసింది. శొంఠి చితక్కొట్టి, చిటికెడు ఉప్పుతో పాటు వేసింది. సగానికి మరిగాక వడగట్టి గ్లాసు చేతికిచ్చింది.

“ఊదుకుంటా తాగు. దిగుతావులే.”

ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ వెచ్చదనం కడుపులోకి దిగేకొద్దీ మెలి సడలింది. అంతలో మైకులో అతని పేరు పిలిచారు. గ్లాసు ఆమె చేతిలో పెట్టి, పేరైనా అడక్కుండా పరిగెత్తాడు.

ఇక చూడాలి ఆ సంబరం! గోవిందు అదిలించాడు. ఎద్దులు మెడలు వంచాయి. బండ కదిలింది. ఈలలకు మైదానం దద్దరిల్లింది. గంట కొట్టేసరికి మూడువేల నూటపన్నెండు అడుగులు!

గోవిందుకు ఒళ్లు తెలియలేదు. ఆదోనోళ్లు యాడున్నా చూడల్ల అంటూ కండువా గిరగిరా తిప్పి, తొడగొట్టాడు.

వేదిక మీద మొదటి బహుమతి, పూలదండ అందుకున్నాడు. ఆ దండ తీసుకెళ్లి వాము నీళ్లిచ్చిన అవ్వ మెడలో వేయాలని అప్పుడు గుర్తొచ్చింది.

“రెండో బహుమతి. ఆదోని జత యజమాని బసమ్మ గారు రావల్ల” అని మైకు పిలిచింది.

తొడగొట్టిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో గోవిందుకు తెలియలేదు. మసి చేతులు చెంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కుతున్నది, ఉలవలు ఉడికించిన ఆ అవ్వే.