కరెంటు డబ్బా మనిషి

"ఏందయ్యా గది? కరెంటు పెట్టి సంపుతవా నన్ను?"

తొడలకు బంక పట్టీలు అంటిస్తున్న కొత్తమనిషిని చూసి రాజలింగు బెంబేలెత్తాడు. బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లూ కరెంటు వైరంటే పామంత భయం అతనికి.

"డాక్టర్ సాబ్‌ను అడిగే వచ్చిన, రాజలింగన్నా. దమ్ము సాలక నువ్వు నడుస్తలేవు. నడవక కాళ్లు సన్నబడ్డయి. గిది కూసున్నకాడ్నే కండకు పని చెప్తది."

ఆ మనిషి డబ్బా మీట తిప్పాడు. తొడల్లో చీమలు పాకినట్టయింది. కండ దానంతటదే బిగిసి వదిలింది.

"సూసినవా, నీ మాట ఇనకుంటనే కదిలింది!" భార్య రాజక్క నవ్వింది.

రాజలింగుకు మిగిలిన ఆశ ఒక్కటే. షిఫ్టు దిగే వేళకు తన కాళ్ల మీద మూలమలుపు హోటల్‌దాకా పోయి, పాత దోస్తులతో చాయ్ తాగాలి. దుమ్ము తిన్న ఊపిరితిత్తులు అతన్ని వాకిలి కూడా దాటనివ్వడం లేదు.

ఆ మనిషి రోజూ వచ్చేవాడు.

నస్పూర్ కాలనీలో క్వార్టరు, నల్లా, మందులు అన్నీ బొగ్గు కంపెనీవే. గడప తొక్కినవాడు కూడా కంపెనీ మనిషేనని రాజలింగు తేల్చేశాడు. ఇక పెత్తనానికేం తక్కువ?

"ఏంది, ఇయ్యాల గింత ఆలస్యం? కంపెనీ జీతం ఉట్టిగనే ఇస్తదా?"

"ఆగి ఆగి వచ్చిన, అన్నా." అతను నవ్వేవాడు.

రాజక్క చాయ్ పెట్టబోతే, "డ్యూటీల ఉన్నోనికి చాయేంది?" అని కసిరాడు రాజలింగు.

ఒక సాయంత్రం రాజలింగు గోడ పట్టుకుని లేచాడు. నాలుగడుగులు వేసి, నిలబడి, మళ్లీ వేసి హోటల్ చేరాడు. దోస్తులు లేచి కుర్చీ ఇచ్చారు. చాయ్ గ్లాసు చేతిలోకి రాగానే అతనికి ఏడుపు ఆగలేదు.

"గా మనిషి దేవుడురా! రేపు ఈడికే తీస్కొచ్చి చాయ్ తాపుత."

మర్నాడు ఆ మనిషి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

రాజలింగు ఆటో ఎక్కి కంపెనీ దవాఖానకు పోయి అడిగాడు.

"డబ్బా పట్టుకొని తిరిగేటాయన మా దగ్గర ఎవరూ లేరే!" అంది నర్సు. "మహమూద్ భాయ్ గావచ్చు. మసీదు ఎనుక ఇల్లు."

తలుపు తీసిన ముసలామె అక్బరీ బేగం, మహమూద్ భార్య. విషయం వినగానే ఆమె కళ్లు నిండాయి.

"మొన్న శుక్రారం, జుమ్మానాడే పోయిండు, భాయ్‌సాబ్."

రాజలింగు గడప మీదే కూలబడి చేతులు జోడించాడు.

"నన్ను నడిపించిండు, తల్లీ. నేను పేరన్న అడగలే, చాయన్న పొయ్యలే. కంపెనీ పంపిన మనిషే అనుకున్న."

"కంపెనీ ఎందుకు పంపుతది? ఆయన గూడ మీ లెక్కనే బాయి దుమ్ము మింగి మంచం పట్టినోడే. గా డబ్బాతోని కాళ్లొచ్చినంక, మిగిలిన జరంత దమ్ము మీ ఇంటిదాక వచ్చేతందుకే దాసుకునేటోడు."