ఏడో నంబరు లారీ

"యాడా నిలబెట్టలేదాప్పా?"

నెట్టికంటప్ప చేతిలో వెదురుబెత్తం గాలిలోనే ఆగిపోయింది. ఆ ఆడమనిషి ఇదే మాట అడగడం మూడోసారి.

"చెప్తాండా కదమ్మా! ఈడ బయలుదేరిన బండి తుంగభద్ర ఒడ్డునే నిలబడింది. నడమ యాడా నిలబడలేదు. సుమ్నె ఇరు, గమ్మునుండి చెప్పేది విను!"

బళ్ళారి కంటోన్మెంటు చివర రేకుల షెడ్డులో పాత మిలిటరీ బండ్లు పెట్టి ఆదివారాలు జనానికి చూపిస్తున్నారు. చైనా యుద్ధం ముగిసి ఏడాది కాలేదు. సిపాయి అంటే ఊళ్ళో మర్యాద పెరిగిన రోజులు. రెండు జీపులు, ఒక అంబులెన్సు, పక్కతొట్టి ఉన్న మోటారు సైకిలు అయ్యాక, చివరికి అందరినీ ఏడో నంబరు లారీ ముందు నిలబెట్టడం హవల్దారు నెట్టికంటప్పకు అలవాటు. నలభై ఎనిమిదిలో నైజాం మీదికి పటాలం కదిలినప్పుడు దాన్ని నడిపింది ఆయనే.

గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఇరవై లార్లు. నాది ఏడోది. ముందు బండ్ల దుమ్ముకు మూతి కాడ చెయ్యి పెట్టుకుంటే కనపడదు. ఆర్డరు ఏంది? ఏమొచ్చినా నిలబెట్టొద్దు! హచ్చొళ్ళి దారిలో, కూలోళ్ళ గుడిసెల కాడ, ఎడమ చక్రం కింద ఒక కుదుపు. గల్లుమని మువ్వలు. మేక! తెలిసిపోయింది. అయినా యాక్సిలేటరు మీద కాలు తీసినానా? తీయలేదు!"

ఇక్కడ జనం చప్పట్లు కొట్టాలి. ప్రతి ఆదివారం కొట్టేవారు. ఈసారి కొట్టబోయిన చేతులు ఆమె గొంతుకు ఆగిపోయాయి.

"మువ్వలు ఇన్నావా? నీ చెవుల్తో ఇన్నావా?"

"ఇదేం పీడమ్మా నాకు! పేరేంది నీది?"

"భీమక్క."

"భీమక్కా, నోరు మూసుకోని ఉంటే ఉండు, లేదంటే బయటికి నడువు!"

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సిరుగుప్ప దగ్గర వలస రైతుల క్యాంపులో వరి పండించే వెంకటరత్నం. కృష్ణా జిల్లానుంచి వచ్చి స్థిరపడిన రైతు.

"ఆవిడ అడిగిందాంట్లో తప్పేముందండీ? ఇరవై లారీల మోతలో మేక మెడలో మువ్వలు వినపడ్డాయంటే మేం మాత్రం ఎలా నమ్మేది? కథకి కాస్త ఉప్పూకారం తగిలించారేమో!"

జనం గొల్లుమన్నారు. నెట్టికంటప్ప మొహం కందగడ్డలా అయింది. పదిహేనేళ్ళుగా చెప్తున్న మాట. ఒక్కరూ కాదనలేదు. ఈమె వల్ల ఇవాళ అబద్ధాలకోరైపోయాడు.

"ఆయప్ప అబద్ధం చెప్పలేదు," అంది భీమక్క. "ఆ పొద్దు ఆడ పోయింది నాదే."

షెడ్డు మళ్ళీ నవ్వులతో మార్మోగింది.

"ఓరి నాయనో! పదిహేనేళ్ళ తర్వాత పంచాయితీకొచ్చిందండోయ్!" అన్నాడు వెంకటరత్నం. "పాలిచ్చేదేనా అమ్మా?"

"లేదు. ఇంకా తాగతాండేది."

"అయితే మేకపిల్లేగా. దానికింత కోపమా?"

భీమక్క ఆయన వైపు చూడనైనా లేదు. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. చూపు నెట్టికంటప్ప మొహం మీదే ఉంది.

"ఇరవై లార్లు పోయినాయప్పా. ఏది తొక్కిందో ఎవురూ చెప్పల్యా. అడిగిన చోటల్లా తరిమినారు. నాకు తెలియాల."

"తెలిసి ఏం చేస్తావు?"

"తెలియాల. అంతే."

నెట్టికంటప్ప ఓపిక తెగిపోయింది. బెత్తంతో లారీ బానెట్ మీద ఠపీమని కొట్టాడు.

"దేశం పని మీద పోయే బండిని నీ మేక కోసం నిలబెట్టాల్నా? మా అల్లుని దొడ్డిలో అరవై ఉండాయి. దాని బదులు ఇంకోటి తోలిస్తా, పట్టుకోని పో! ఒకటి చాలదంటే రెండు తోలిస్తా!"

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. కొడుతుందేమోనని ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. ఆమె కొట్టలేదు. దగ్గరికి వచ్చి, మూసిన పిడికిలి ఆయన చెవి పక్కకు ఎత్తి ఆడించింది.

గల్లు.

"ఇట్లేనా?"

నెట్టికంటప్పకు ఆ దుమ్ము, ఆ కుదుపు, కాళ్ళ కింద ఆ అదురు అన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. అదే శబ్దం. మర్చిపోయే శబ్దమా? వెంటనే ఆయన మొహం వెలిగిపోయింది.

"అదే! అదేనప్పా! ఇనండి అందరూ! ఏం రైతుగారూ, ఇప్పుడేమంటారు? ఏడో నంబరే. నా బండే!"

వెంకటరత్నం చేతులు జోడించి ఓడిపోయానన్నాడు. చప్పట్లు మోగాయి.

"నీ బండే," అంది భీమక్క.

ఎడమ చక్రం దగ్గర గొంతుకూర్చుని అరచేత్తో రబ్బరును ఒకసారి నిమిరింది. పిడికిట్లోది అక్కడ పెట్టింది. లేచి, వెనక్కి చూడకుండా ఎండలోకి వెళ్ళిపోయింది.

"ఎత్తి చూపించండి హవల్దారుగారూ, మేక మువ్వలు మేమూ చూస్తాం!" అన్నాడు వెంకటరత్నం.

నెట్టికంటప్ప వంగి తీశాడు. రెండు వేళ్ళకు తగిలించుకుని, చెయ్యి పైకెత్తి, జనం ముందు గల్లుగల్లున ఆడించాడు. ముందు వరసలో చప్పట్లు ఆగాయి. తర్వాత వెనక వరసలో. నవ్వుతున్న వెంకటరత్నం నోరు అలాగే ఉండిపోయింది.

ఎందుకో అర్థంకాక నెట్టికంటప్ప చెయ్యి దించి చూసుకున్నాడు. ఒక పక్క నొక్కుకుపోయిన చిన్న వెండి చుట్టు, దానికి నాలుగు మువ్వలు. మేక మెడ మాట అటుంచి, ఆయన రెండు వేళ్ళకే అది బిగుసుకుపోయింది.

అది పసిబిడ్డ కాలి కడియం.