మూడు లారీల ఇసుక

లాడ్జి యజమాని పొద్దున్నే మూడు లారీల ఇసుక దింపించాడు.

తీరం ఎంత కోసుకుపోయిందో చూడడానికి ఆ రోజు ఆఫీసరు వస్తున్నాడు. ఆయన ఊ అంటే లాడ్జి ముందు రాళ్ల గోడ లేస్తుంది. ఊహూ అంటే రెండు వానాకాలాల్లో లాడ్జి సముద్రం పాలు. మూడేళ్ల కిందట, సముద్రానికి ఎదురుగా ఉందని ముచ్చటపడి కొన్న లాడ్జి.

అంత పెద్దమనిషి వస్తుంటే గుమ్మం ముందు గోతులుంటే ఏం మర్యాద? పెళ్లివారొస్తున్నంత హడావిడిగా ఇసుక పరిపించి, చదును చేయించి, పైన నాలుగు కుర్చీలు కూడా వేయించి మురిసిపోయాడు.

అప్పుడు కిందికి దిగాడు మూడో నంబరు గది ముసలాయన.

నిన్న వచ్చాడు. చేతిలో రెండు కర్రలు, ఓ తాడు, చంకలో లావుపాటి నోటుపుస్తకం. వచ్చిన దగ్గర్నుంచీ నీళ్లలో కర్ర పాతడం, తాడు లాగడం, ఏదో రాసుకోవడం. వంటమనిషి అప్పుడే ఆయనకు కర్రల తాతయ్య అని పేరు పెట్టేసింది.

ఇసుక చూసి తాతయ్య తల పట్టుకున్నాడు.

"బాబూ, ఇదంతా తీయించెయ్. ఉన్నది ఉన్నట్టు కనపడనీ."

యజమాని ఒంటికాలి మీద లేచాడు.

"మధ్యలో మీకేం పోయింది పెద్దాయనా? ఆఫీసరొచ్చే వేళకి నా పరువు తీస్తారా?"

తాతయ్య పుస్తకం తెరిచి ఏదో చూపించబోయాడు. వింటేగా. ఈ పిచ్చాయన ఆఫీసరు కంటపడితే కొంప మునుగుతుందని, సంచీ తనే మోసుకెళ్లి పదిగంటల బస్సెక్కించాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి చూసి మరీ వచ్చాడు.

పదకొండుకి ఆఫీసరు దిగాడు. టేపు పెట్టి కొలిచాడు. ఫైల్లో ఉన్న అంకెతో పోల్చి చూసి, నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు.

"మీ తీరం తరగడం లేదండీ, పెరుగుతోంది. ఇంక గోడ దేనికి?"

యజమానికి ఇసుక సంగతి కక్కక తప్పలేదు.

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, సాయంత్రంలోగా రిపోర్టు పంపాలని, ఇప్పుడు పాత కొలతలు తప్ప వేరే ఆధారం లేదని చెప్పాడు. పద్దెనిమిదేళ్ల కొలతలు రాసిన పుస్తకం పట్టుకుని అర్జీ పెట్టినాయన ఇక్కడే ఉంటానన్నాడట.

"అర్జీ పెట్టింది నేనే కదండీ" అన్నాడు యజమాని.

"మీదీ వచ్చింది. అందులో లాడ్జి ఫొటోలు తప్ప ఏం లేవు. నేనొచ్చింది ఆయన అర్జీ చూసి. రెండు కర్రలతో కొలుస్తారట. ఎక్కడున్నారు?"

యజమాని బస్సు పోయిన దారి వైపు చూశాడు. తను వేయించిన కుర్చీలోనే కూలబడ్డాడు.

"ఆయనకీ నా లాడ్జికీ ఏం సంబంధం సార్?"

ఆఫీసరు ఫైల్లోంచి కాగితం తీసి చివరి వాక్యం చదివాడు: "మొదటి వరసలో ఉన్న నా లాడ్జి ఎలాగూ సముద్రంలో కలిసిపోయింది, వెనక వరసలో ఉన్న ఈ లాడ్జినైనా నిలబెట్టండి."