ఇంకొక్క కేక

అద్దం అవతల కూర్చున్న మనిషి మళ్లీ చెయ్యెత్తాడు.

నరేందర్ విసుగ్గా రికార్డింగ్ ఆపాడు. దినేశ్ కేక సగంలోనే తెగిపోయింది.

"ఏమైందన్నా? మంచిగనే వస్తుంది కదా?"

"ఏం లేదు. నీళ్లు తాగు" అన్నాడు నరేందర్, అద్దం వైపు చూడకుండా.

ఐటీ ఆఫీసుల మధ్య, కొత్తగూడలో ఓ అపార్ట్‌మెంటు సెల్లారు అది. పైన జనం ఆదివారం బిర్యానీ తిని కునుకు తీస్తుంటే, కింద 'గండశిల' బ్యాండు కొత్త ఆల్బమ్ తయారవుతోంది. పదిహేనేళ్ల నాటి బ్యాండు. వాళ్లది మెటల్‌కోర్. అంటే సగం పాట, సగం గొంతు చించుకునే కేక. గిట్టనివాళ్లు చెవులు మూసుకుంటారు, గిట్టినవాళ్లు ప్రాణం పెడతారు. దినేశ్ ప్రాణం పెట్టిన రకం. ఇంటర్‌లో పుస్తకాల కంటే ఆ పాటలే ఎక్కువ బట్టీ పట్టాడు.

ఆ పాటల్లోని కేకలన్నీ వెంకటరమణవి. అతని ముఖం మాత్రం అభిమానులెవరూ ఎరగరు. గండశిల వాళ్లు బోనాల పోతరాజులా ముఖం నిండా పసుపు, కళ్ల చుట్టూ కాటుక పూసుకునే స్టేజీ ఎక్కుతారు. మొదటి నుంచీ అది వాళ్ల ఆచారం. నిరుడు వెంకటరమణ బ్యాండులోంచి వెళ్లిపోయాడు. ఎందుకని అడిగితే, "అలిసిపోయిండు" అని బ్యాండు నడిపే నరేందర్ గిటారు సవరించుకునేవాడు.

ఆ ఖాళీలోకి, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే దినేశ్ వచ్చి పడ్డాడు. కలలో కూడా అనుకోని అదృష్టం. అది చేజారిపోతుందేమోనని రోజూ భయమే.

ఆ భయానికి కారణం అద్దం అవతలి మనిషి.

ఇస్త్రీ చొక్కా, మెడ దాకా బొత్తాం, ఆదివారం పూట కూడా మెడలో ఐడీ కార్డు. పలకరించడు. నవ్వడు. దినేశ్ కేక పెట్టినప్పుడల్లా అతని కళ్లు దినేశ్ గొంతు మీదే ఉంటాయి. వస్తూ వస్తూ ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చి దినేశ్ ముందు పెడతాడు. దినేశ్ ముట్టుకోడు.

"ఎవరన్నా ఆయన?"

"మనోడే. పట్టించుకోకు."

ఆల్బమ్ విడుదల చేసే కంపెనీ పంపిన మనిషని దినేశ్ తేల్చుకున్నాడు. తనను తీసేయడానికి సాకు వెతుకుతున్నాడు. లేకపోతే బాగా వస్తున్న కేకను మధ్యలో ఎందుకు ఆపిస్తాడు?

చివరి పాట చివర్లో ఒక పొడుగాటి కేక ఉంది. ఆల్బమ్ అంతా దాని మీదే నిలబడాలి.

"ఇంకొక్కటి, తమ్మీ" అన్నాడు నరేందర్.

దినేశ్ కేక పెట్టాడు.

"ఇంకొక్కటి."

నాలుక మీద ఉప్పగా తగిలింది. దినేశ్ మింగేశాడు.

అప్పుడు ఆ మనిషి తలుపు తోసుకుని లోపలికే వచ్చాడు. ఫోన్ తెర దినేశ్ ముఖం ముందు పెట్టాడు.

'చాలు. ఇక ఆపెయ్.'

పక్క సీట్లో కూర్చున్నవాడితో కూడా చాట్‌లోనే మాట్లాడే ఊరు ఇది. ఆ మనిషి నోరు విప్పకపోవడం దినేశ్‌కు వింతగా అనిపించలేదు. పొగరుగా అనిపించింది.

"నోటితోని చెప్పొచ్చు కద సార్? మాతోని మాట్లాడితే తక్కువైపోతరా?"

ఆ మనిషి తల అడ్డంగా ఊపి, గబగబా ఇంకేదో టైప్ చేయబోయాడు. దినేశ్ చెయ్యి తోసేశాడు. ఫోన్ కింద పడింది.

"అన్నా, ఈయన ఉంటే నేను పాడ. ఆయనో నేనో, నువ్వే చెప్పు."

నరేందర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ మనిషి మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. గుమ్మం దాటే ముందు ఆ మనిషి వెనక్కి తిరిగాడు. తన గొంతు మీద వేలు పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా గీసి చూపించాడు.

దినేశ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చంపుతానంటున్నాడా?

"పోయిండు. ఇగ ఫికర్ లేదు" అన్నాడు నరేందర్ తిరిగొచ్చి. "ఇంకొక్కటి."

ఆల్బమ్ వచ్చింది. చివరి పాట కుర్రకారు ఫోన్లలో మారుమోగిపోయింది. దినేశ్‌కు మాత్రం ముందు గొంతు బొంగురుపోయింది, తర్వాత గుసగుస మిగిలింది, తర్వాత అదీ పోయింది.

కొండాపూర్‌లో డాక్టరమ్మ కెమెరా పెట్టి చూసి నిట్టూర్చింది.

"లోపలంతా చిరిగి మచ్చ కట్టింది బాబూ. పాట సంగతి మరిచిపో. మాట వస్తుందో రాదో ఆపరేషన్ అయ్యాకే చెప్పగలను. నెత్తురు రుచి తగిలిన రోజున ఆపమని ఒక్కరైనా చెప్పలేదా?"

దినేశ్ తల వంచుకుని బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. కాస్త దూరంలో, తోడొచ్చిన నరేందర్ ఇటు వీపు పెట్టి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"ఆ, చెప్పు తమ్మీ. ముఖం ఎట్లున్నా పర్వాలేదు, ఎట్లాగూ పసుపు పూస్తం. గొంతు గట్టిగుండాలె, గంతే. ఆదివారం వస్తవా?"

దినేశ్‌కు ఆ ఫోన్ లాక్కుని, అవతలి కుర్రాడికి రావద్దని చెప్పాలనిపించింది. చెప్పడానికి గొంతు లేదు. తన ఫోన్ తీసి 'వద్దు' అని టైప్ చేశాడు. ఎవరికి చూపించాలో తెలియక తలెత్తాడు.

ఎదురు బెంచీ మీద ఇస్త్రీ చొక్కా, ఐడీ కార్డు. ఆ మనిషే. మెడ బొత్తాం విప్పుకుంటున్నాడు. గొంతుకు అడ్డంగా ఆపరేషన్ గీత ఉంది, సరిగ్గా ఆ రోజు వేలితో గీసి చూపించిన చోటే.

డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుంది.

"వెంకటరమణ ఎవరండీ?" అని నర్సు కేకేస్తే, ఆ మనిషి మాట్లాడకుండా చెయ్యెత్తాడు.