గుమ్మానికి కట్టిన కుక్క

టాంపినీస్‌లోని తమ ఫ్లాటు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలతో పాటు ఓ కాగితపు కుక్కబొమ్మని కట్టింది హైమావతి. కొడుకు పెళ్ళికి జపాను వియ్యపురాలు తెచ్చిన బొమ్మ అది.

"కాపలా కుక్కకే కాపలానా?" అన్నాడు మొగుడు మధుసూదనరావు.

"దిష్టికండీ."

"దిష్టికి కాదే. వియ్యంకుణ్ణి అడిగా. కుక్క ఈనినంత సులువుగా కోడలు కనాలని మంచం పక్కన పెడతారట. నువ్విలా గుమ్మానికి కడితే మనవడు కారిడార్లో పుడతాడు."

హైమావతి మురిసిపోయి, బొమ్మ విప్పి కోడలు చిహారుకి అందించింది. చిహారు చెయ్యి చాపలేదు.

"ఆంటీ, కేన్సరొస్తే నా గర్భసంచి తీసేశారు. మీ అబ్బాయికి తెలుసు," అంది మెల్లగా ఇంగ్లీషులో. "మా అమ్మకే చెప్పలేకపోయాను. మూడు నెలలు కూచుని తన చేత్తో చేసిందీ బొమ్మ."