బానెట్ మీద పాదాలు

అనకాపల్లిలో ఎక్కిన ఆవిడ, సీట్లో కుదురుకున్న కాసేపటికే ముందుకి వంగి, ఎదుటి పిల్ల పాదాలు రెండూ పట్టుకుని పైకెత్తేసింది.

"ఏయ్! ఎవులు నువ్వు? మా గుంట కాళ్లతో నీకేటి పని?"

పిల్ల నాయనమ్మ అసిరమ్మ కేకకి బస్సు బస్సంతా తలెత్తి చూసింది.

"బానెట్ కాలిపోతందమ్మా. పాప పాదాలు దానిమీద పెట్టేసారు."

"కాలితే ఏడవదా? అది నవ్వుతంది కాదేటి!"

నిజమే. డ్రైవరు పక్కనున్న ఇంజను మూత మీద ఇంతసేపూ కాళ్లు పెట్టుకున్నా, అయిదేళ్ల శ్రీసత్య బిస్కెట్ కొరుకుతూ నవ్వుతోంది.

తల్లి దేవిశ్రీ పిల్లని దగ్గరికి లాక్కుంది. పిల్లని చూపించడానికి పట్నం ఆస్పత్రికి పోతున్నారు ముగ్గురూ.

శ్రీసత్య పుట్టడమే వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టింది. నెల తిరక్కుండా నడుము మీద ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కింది. వెన్ను మీద నిలువుగా కుట్ల మచ్చ మిగిలింది. మోకాళ్ల కింద సత్తువ రాలేదు. పాదాలు లోపలికి తిరిగిపోయాయి.

పాదాలు కూడా ఆపరేషన్ చేసి సరిచేసి, ఇనప కడ్డీల బూట్లు తొడిగితే నడుస్తుందని పట్నంలో డాక్టరమ్మ అంటోంది. సరేనో కాదో ఇవాళ చెప్పెయ్యాలి.

"ఇలాటి గుంటలు పెరిగి నడిసినట్టు ఎక్కడైనా సూసేవా? ఊరికే కోయించీకు," అని మొగుడు మోహన్ బయల్దేరేటప్పుడు కూడా విసుక్కున్నాడు.

పోయినసారి దేవిశ్రీ డాక్టరమ్మనే అడిగేసింది. "పెద్దయి నడిసినోల్ని ఒక్కల్ని సూపించండమ్మా. నాకు దైర్యం వత్తది."

డాక్టరమ్మ నవ్వింది. "వాళ్లు ఆస్పత్రిలో ఎందుకుంటారమ్మా? పనులకి పోయుంటారు."

అది తప్పించుకునే మాటలా తోచింది దేవిశ్రీకి. రాత్రంతా నిద్ర పట్టలేదు.

"పాపకి చెప్పులు లేవేటమ్మా?" ఆవిడ మళ్లీ అడిగింది.

"మొక్కు," అంది అసిరమ్మ. "నా మనవరాలు కాళ్లమీద నిలబడిందాకా సెప్పులు తొడగనని నూకాలమ్మకి మొక్కుకున్నాను. నీకేటి నొప్పి?"

"మేజోళ్లయినా తొడగండమ్మా. అమ్మోరు ఏటీ అనుకోదు. పాపకి తెలీదు కదా..."

"తెలీదా? మా సత్యకి తెలీందేటి? ముల్లు దిగిపోయినా కిక్కురుమనదు. అంత ఓర్పు దానికి!"

"అది ఓర్పు కాదమ్మా." ఆవిడ గొంతు తగ్గించి దేవిశ్రీ వైపు తిరిగింది. "పాపకి నడుం మీద మచ్చుందా?"

దేవిశ్రీ పిల్ల నడుముకి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంటికొచ్చే చుట్టాలకి కూడా చూపించని మచ్చ అది.

"నీకెలా తెలుసు? నువ్వు... నువ్వు లెగు ఇక్కణ్ణించి!"

"పిల్లల్నెత్తుకుపోయేవోలు ఇలాగే ఆనవాళ్లు అడుగుతారు," అంది అసిరమ్మ, అందరికీ వినబడేలా. "దీని వాలకం సూడండి. ఇంత ఎండలో మేజోళ్లూ, బూట్లూ! దొరసాని!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టర్ పోలిరాజు వచ్చాడు.

"ఏటమ్మా గొడవ? నువ్విలా వచ్చీ తల్లీ. ఎలాగూ ఆటోనగర్‌లో దిగిపోతావు కదా, మెట్ల కాడ నిలబడు."

ఆవిడ పైన కడ్డీ ఒక చేత్తో, సీటు ఒక చేత్తో పట్టుకుని, నిదానంగా లేచింది.

"ఒక్కసారి బానెట్ మీద నీ చెయ్యి పెట్టి సూడమ్మా," అని దేవిశ్రీకి మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

"సూసేం లే!" అసిరమ్మ పంతంగా మనవరాలి కాళ్లు తీసి మళ్లీ బానెట్ మీద పెట్టింది.

గాజువాక దాటింది. దేవిశ్రీకి ఆ మాట చెవిలోంచి పోలేదు. అత్త చూడకుండా అరచెయ్యి బానెట్ మీద ఆనించింది.

చురుక్కుమంది. చెయ్యి లాగేసుకుంది.

గబుక్కున పిల్ల కాళ్లు ఒళ్లో పెట్టుకుని తిరగేసి చూసింది. అరికాళ్లు రెండూ ఎర్రగా కందిపోయాయి. ఒక మడమ మీద నీటిపొక్కు ఉబ్బుతోంది.

"సత్యా, నొప్పిగా ఉందేటమ్మా?"

పిల్ల బిస్కెట్ నములుతూ తల్లి మొహంలోకి చూసింది.

"ఎక్కడ?"

దేవిశ్రీ ఆ పాదాలు తన కొంగులో చుట్టేసింది.

"ఆటోనగర్! ఆటోనగర్ దిగేవోలు రండి!"

బస్సు ఆగింది. ఆవిడ కడ్డీ పట్టుకుని, ఒక్కో కాలే కిందికి దింపుతోంది. గాలికి పైట పక్కకి తొలగింది.

నడుము మీద, సరిగ్గా వెన్ను మధ్య, నిలువుగా కుట్ల మచ్చ.

మెట్టు దిగుతుంటే చీర కుచ్చిళ్లు కొంచెం లేచాయి. బూటుకి రెండు వైపులా ఇనప కడ్డీలు తళుక్కుమన్నాయి.

"అమ్మా! ఆగమ్మా! బస్సాపండి!"

"ఏటయ్యిందే నీకు?" అంది అసిరమ్మ.

పోలిరాజు అప్పటికే విజిల్ ఊదేశాడు.

దేవిశ్రీ పిల్లని గుండెలకి హత్తుకుని కిటికీలోంచి తల బయటపెట్టింది. టిఫిన్ డబ్బా సంచీ భుజాన వేసుకుని, కార్ఖానా గేటు వైపు సాగుతున్న జనంలో కలిసి, ఆవిడ పనికి నడిచి వెళుతోంది.