ఆది ఇవ్వని ప్యాంటు

"కుట్టను. మెషినూ మూలపడింది, నేనూ మూలపడ్డాను. ఇంకెవర్నైనా చూసుకోండి."

టైలరమ్మ మంచం మీంచే కసిరింది.

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ కదల్లేదు. చంకలో లేతనీలం నూలుగుడ్డ. ముఖంలో తొందరన్నది లేదు.

"మెషినెందుకు తల్లీ, చేత్తో కుట్టు. ఇంట్లో వ్యాయామం చేసుకోవడానికి వదులు ప్యాంటు. నలుగురూ చూసేది కాదుగా."

"ఎవరికి?"

"ఉందిలే ఒకమ్మాయి. అచ్చం నీ పొడుగూ, నీ ఒళ్ళూ."

"అయితే ఆది ఇవ్వండి. పాతదేదైనా తెస్తే దాన్ని బట్టి కత్తిరిస్తాను."

"ఆదీ గీదీ లేదు. నీ కొలతకే కుట్టెయ్."

టైలరమ్మకు నవ్వొచ్చింది. ఈమధ్య ఆమెకు నవ్వు రావడమే గగనమైపోయింది.

వీధి మలుపులో ఎవడో స్కూటర్‌తో గుద్ది, వెనక్కి తిరిగైనా చూడకుండా పోయాడు. మోకాలు విరిగింది. కట్టు విప్పి ఎముక అతికిందన్నారు గానీ, కాలు మాత్రం వంగనంటే వంగనంది. ఆసుపత్రిలో వ్యాయామం చేయించబోతే కెవ్వున అరిచి, మళ్ళీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వచ్చేసింది.

కాలు వంగకపోతే మెషిన్ తొక్కేదెలా? భర్త బతిమాలాడు. కూతురు ఏడ్చింది. ఆమెది ఉడుంపట్టు.

"గుడ్డ తడిపి ఆరేశారా? నూలుది, ఉతికితే ముడుచుకుపోతుంది."

"అంత తెలిస్తే నేనే కుట్టుకోనూ!"

అలా మొదలైంది.

ప్యాంటు తయారయ్యాక పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వదులుగానే ఉంది. కానీ కూర్చుంటే ఎలా ఉంటుందో! ఒకసారి నువ్వే వేసుకుని చూపించు."

"నేనా?"

"కొలత నీదేగా మరి!"

గొణుక్కుంటూనే వేసుకుని మంచం అంచున కూర్చుంది.

"కాలు జాపు. ఇప్పుడు మెల్లగా మడువు. పట్టేసిందా?"

"పట్టేసింది."

"గుడ్డా, మోకాలా?"

"రెండూ!"

"అయితే విప్పి, రెండు కాళ్ళూ కలిసేచోట నలుచదరంగా ఓ ముక్క వెయ్యి. మళ్ళీ చూద్దాం."

ముక్క వేసింది. ఈసారి గుడ్డ పట్టలేదు. మోకాలు మునుపటి కంటే కాస్త ఎక్కువ వంగింది. నొప్పికి టైలరమ్మ పళ్ళు బిగించింది. పెద్దావిడ ఆమె మడమను అరచేతిలోకి తీసుకుంది.

"ఊపిరి వదులు తల్లీ. బిగబట్టకు."

"వాడు కనబడాలి, ఆ గుద్దినవాడు!"

"కనబడితే?"

"వాడి కాలు విరగ్గొట్టి, ఇవన్నీ వాడితో చేయిస్తాను."

"చేయించు. తప్పేముంది?" అంది పెద్దావిడ, పట్టుకున్న మడమ వదలకుండా.

వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక. నడుముకి ఎలాస్టిక్ ఒత్తుకుపోతోంది, బొందు పెట్టమంది. నేల మీద పడుకుని కాలెత్తితే అంచు కిందికి జారుతోంది, కాస్త కురచ చెయ్యమంది. మార్చిన ప్రతిసారీ టైలరమ్మే వేసుకోవాలి, లేవాలి, కూర్చోవాలి.

"ఏం చాదస్తమండీ మీది! ఇవన్నీ ముందే చెప్పి ఏడవకూడదూ?"

నోరు జారాక నాలుక కరుచుకుంది. పెద్దావిడ నవ్వేసింది.

"ఈ అంచొక్కటీ కుట్టెయ్. ఇక విసిగించను."

ఆ అంచు చేత్తో కుట్టబుద్ధి కాలేదు టైలరమ్మకు. గోడ పట్టుకుని మెషిన్ దాకా వెళ్ళింది. దుమ్ము తుడిచి, నూనె వేసి, భయం భయంగా కాలు పెట్టి తొక్కింది.

చక్రం తిరిగింది.

వంటింట్లోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. టైలరమ్మ తలెత్తలేదు. తలెత్తితే కన్నీళ్ళు గుడ్డ మీద పడేలా ఉన్నాయి.

ప్యాంటు ఇస్త్రీ చేసి మడతపెట్టింది. వస్తానన్న రోజున పెద్దావిడ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"అన్ని వంకలూ పెట్టి, తీరా కుట్టాక అజాపజా లేదు చూడు!" అంది టైలరమ్మ.

"ఆవిడ ఆసుపత్రి వ్యాయామం డాక్టరని నీకింకా అర్థం కాలేదా అమ్మా?" అంది కూతురు.

"అయితే పంపింది నువ్వా?"

"నేను కాదు. నాన్న అనుకున్నా."

"నేనా? నేను నువ్వనుకున్నా!" అన్నాడు తండ్రి.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

మర్నాడు టైలరమ్మ ప్యాంటు సంచిలో పెట్టుకుని, తన కాళ్ళ మీద తానే నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది. వ్యాయామం గదిలో ఓ కొత్త అమ్మాయి ఎవరికో భుజం తిప్పిస్తోంది.

"మీ పెద్ద డాక్టరమ్మ ఉన్నారా? తెల్లజుట్టు, నెమ్మదిగా మాట్లాడతారు. ఈ ప్యాంటు ఆవిడదే."

ఆ అమ్మాయి ప్యాంటు వంక చూసి, పని ఆపేసి దగ్గరికొచ్చింది.

"ఆవిడ డాక్టర్ కాదండీ. రోజూ వచ్చి అదిగో, ఆ బల్ల మీద కూర్చునేవారు. మోకాలు విరిగినవాళ్ళకి నేనేం చేయిస్తున్నానో చూసేవారు. ఎంత వంచాలి, ఎక్కడ ఆపాలి అని గుచ్చిగుచ్చి అడిగి నేర్చుకునేవారు."

"ఇల్లెక్కడో చెబుతారా?"

"పోయారండీ. నిద్రలోనే ప్రాణం పోయిందట."

టైలరమ్మ బల్ల మీద కూలబడింది. మోకాలు తనంతట తానే మడుచుకుంది.

ప్యాంటు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరి కోసం నేర్చుకునేవారు? వాళ్ళకైనా ఇచ్చేస్తాను."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"ఎన్నిసార్లడిగినా చెప్పలేదు గానీ, చివరిసారి వచ్చినప్పుడు అన్నారు: 'మావాడు స్కూటర్‌తో ఒకమ్మాయిని పడగొట్టి పారిపోయి వచ్చాడు, నేనెవరో తెలిస్తే గుమ్మం తొక్కనివ్వదు, ముందు ఆమెను నడవనీ, అప్పుడు వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను' అని."